నాన్నగారి జబ్బు మనసుదా, మెదడుదా? ఎవరికి చూపించాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. చదివే మిగతావారికి కూడా అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, హైస్కూల్లో లెక్కల మాస్టారు. రెండేళ్లుగా మనిషి మారిపోయారు. చావు జరిగిన ఇంట్లో హాస్యాలాడతారు. అమ్మగారికి పిత్తాశయం ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చుని టిఫిన్ ఎప్పుడు తెస్తారని అడిగారు. ముఖపరిచయం కూడా సరిగా లేని మనిషికి మూడు లక్షలు చేబదులిచ్చారు. రోజుకు మూడుసార్లు అదే దారిలో, అదే వేపచెట్టు దాకా నడిచి వస్తారు. రాత్రిపూట లేచి డబ్బాలోంచి చక్కెర స్పూనుతో తింటుంటే అమ్మగారు ఆ డబ్బాను అటక మీద దాచారు. కానీ లెక్కలు ఇప్పటికీ నోటితో చేసేస్తారు, ఎవరి పెళ్లి ఏ సంవత్సరం అయిందో తడుముకోకుండా చెబుతారు. ఒక డాక్టరుగారు డిప్రెషన్ అని ఎనిమిది నెలలుగా మందులిస్తున్నారు, తేడా లేదు. స్కానింగ్ రిపోర్టులో 'వయసుకు తగ్గ మార్పులు' అని ఉంది. పెద్దమ్మగారు ఎవరో ఏదో చేయించారంటున్నారు. ఇది మానసిక జబ్బా, మెదడు జబ్బా? న్యూరో సైకియాట్రీ అంటే ఏమిటి? ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇవీ మీ ప్రశ్నలు.

నేను ఇరవై ఆరేళ్లుగా మానసిక వైద్యం చేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బుకు పేరు పెట్టకూడదు, పెట్టను. కానీ మీరు చెప్పిన సంగతులను ఒక వరుసలో పెట్టి చూస్తే ఇది మామూలు డిప్రెషన్‌లా లేదు. మెదడు ముందు భాగం దెబ్బతింటోందేమోనని గట్టిగా అనుమానించి పరీక్షలు చేయించాలి. ఈ రాత్రికే పరుగెత్తనక్కర్లేదు, ఇంకో ఎనిమిది నెలలు ఆగనూ కూడదు.

ఇక 'మనసా, మెదడా' అన్న ప్రశ్న. దీన్ని ఇంకా తికమక చేసింది మన 'నరం' అనే మాటే. రక్తం తీసే నర్సు 'నరం దొరకడం లేదమ్మా' అంటే అది రక్తనాళం. మెడ పట్టేస్తే 'నరం పట్టింది' అంటాం, అది చాలావరకు కండరం. గోడల మీద 'నరాల బలహీనతకు చికిత్స' అని రాసి ఉంటే అది బొత్తిగా వేరే సంగతి. అసలు నరాల జబ్బులు చూసే న్యూరాలజిస్టునూ 'నరాల డాక్టరు' అంటాం, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తూ పక్కింటివాళ్లకు చెప్పేటప్పుడు కూడా 'నరాల డాక్టరు దగ్గరికి' అనే అంటాం. మన జిల్లా కేంద్రాల్లో మానసిక వైద్యుల బోర్డుల మీద 'న్యూరో సైకియాట్రిస్ట్' అని కనిపించడానికి ఒక కారణం ఇదే. 'పిచ్చి డాక్టరు' మెట్లెక్కడానికి సిగ్గుపడే మనిషి 'న్యూరో' అన్న మాట చూసి ధైర్యంగా లోపలికి వస్తాడు. నా మొదటి బోర్డు మీద కూడా ఆ మాటే ఉండేది, తర్వాత తీయించేశాను. మీరు బోర్డు మీది పెద్ద అక్షరాలను వదిలేసి కింద ఉన్న చదువు చూడండి. మానసిక వైద్యంలో ఎం.డి. చేసినవారు సైకియాట్రిస్టులు. జనరల్ మెడిసిన్ తర్వాత న్యూరాలజీలో డి.ఎం. చేసినవారు న్యూరాలజిస్టులు. న్యూరో సైకియాట్రీ ఈ రెంటికీ మధ్య ఉన్న గట్టు. మెదడులోని జబ్బు వల్ల ఆలోచన, ప్రవర్తన, భావోద్వేగం ఎలా మారతాయో, నరాల జబ్బులా కనిపించేది ఎప్పుడు నరాల జబ్బు కాదో చూసే వైద్యం అది.

అసలు ఈ గట్టు ఎందుకు పడిందో కొంచెం చెప్పాలి. మానసిక రోగాలంటే మెదడు రోగాలేనని జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ గ్రీసింగర్ 1845లోనే వాదించాడు. అప్పట్లో యూరప్ పిచ్చాసుపత్రుల నిండా ఒక రకం రోగులు ఉండేవారు. నడివయసులో ఉన్నట్టుండి గొప్పలు పోవడం, తానే చక్రవర్తినని చెప్పడం, ఉన్న డబ్బంతా తగలేయడం, తర్వాత మాట ముద్దగా రావడం, కాళ్లు పడిపోవడం, చివరికి మరణం. పారిస్‌లో ఆంటువాన్ బేల్ అనే యువ వైద్యుడు 1822లో ఇలాంటివారి శవపరీక్షలు చేసి, మెదడు పొరలు వాచి ఉన్నాయని చూపించాడు. కారణం తేలడానికి మరో తొంభై ఏళ్లు పట్టింది. 1913లో నోగూచి, మూర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అలాంటి రోగుల మెదడులో సిఫిలిస్ అనే సుఖవ్యాధి క్రిమిని కనుక్కున్నారు. వియన్నా మానసిక వైద్యుడు వాగ్నర్ యౌరెగ్ 1917లో ఈ రోగులకు కావాలని మలేరియా ఎక్కించి, ఆ జ్వరంతో క్రిమిని చంపడానికి ప్రయత్నించాడు. అది కొందరిని బతికించింది, కొందరిని మలేరియాయే చంపింది. ఆయనకు 1927లో నోబెల్ వచ్చింది. తర్వాత పెన్సిలిన్ వచ్చి ఆ కథను ముగించింది. ఈ మొత్తంలో నాకు ఎప్పుడూ తమాషాగా అనిపించేది ఒకటుంది. కారణం దొరకగానే ఆ జబ్బు మా జాబితాలోంచి వెళ్లిపోయింది. వందేళ్లు పిచ్చాసుపత్రిలో ఉన్న రోగం పెట్టె సర్దుకుని పక్క వార్డుకు మారింది.

అల్జీమర్ సంగతీ అంతే. ఆలోయిస్ అల్జీమర్ మానసిక వైద్యుడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో ఆయన చూసిన ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ల స్త్రీకి మొదట వచ్చింది మతిమరుపు కాదు, భర్త మీద అకారణమైన అనుమానం. 1906లో ఆమె చనిపోయాక ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన సభలో వివరించాడు. నేడు ఆ జబ్బును న్యూరాలజిస్టు చూస్తారు. అంటే కారణం కంటికి కనిపిస్తే న్యూరాలజీ, కనిపించకపోతే సైకియాట్రీ అన్నట్టుగా పంపకం జరిగిపోయింది. ఆ పంపకం మన సౌకర్యం కోసం చేసుకున్నది, మెదడుకు దానితో పని లేదు. మన పక్కనే బెంగళూరులో మానసిక, నరాల జబ్బుల జాతీయ సంస్థ నిమ్హాన్స్ ఉంది. 1974లో పాత మైసూరు రాష్ట్ర మానసిక చికిత్సాలయాన్నీ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. న్యూరాలజీ, న్యూరోసర్జరీ, సైకియాట్రీ అక్కడ ఒకే ఆవరణలో ఉంటాయి. కడప, అనంతపురం, చిత్తూరు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి అక్కడ వరుసలో నిలబడే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు.

చరిత్ర చాలు. నేను ఒకసారి ఎలా పొరబడ్డానో చెబుతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ప్రాక్టీసు పెట్టిన తొలి రోజుల్లో ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, పదిహేడేళ్లు. పదో తరగతిలో స్కూలు మొదటి ర్యాంకు, ఇప్పుడు అన్ని సబ్జెక్టులూ పోయాయి. చీటికిమాటికి కోపం, ఒకసారి కంచం విసిరికొట్టాడు, కారణం లేకుండా నవ్వుతాడు. హాస్టల్లో చెడు స్నేహాలని తండ్రి తీర్మానం. నేను కాస్త పెద్ద మాటలు వాడి దాదాపు అదే రాశాను, మానసిక రోగం మొదలవుతోందేమోనని హాలోపెరిడాల్ అనే బలమైన మానసిక మందు మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఆ పిల్లవాడు కర్రలా బిగుసుకుపోయాడు, నోట్లోంచి చొంగ కారుతోంది. మందు వల్ల అలా అవడం మాకు తెలిసిందే కాబట్టి మోతాదు తగ్గించాను, మరో మందు మార్చాను. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ తల్లి వచ్చిన ప్రతిసారీ ఒక గుడ్డసంచి తెచ్చేది. అందులో ఏముందని నేను ఒక్కసారీ అడగలేదు. ఐదోసారి ఆమే తీసి నా బల్ల మీద పెట్టింది. నోటు పుస్తకాలు! 'నా కొడుకు చెడ్డవాడు కాదండీ, చూడండి ఎలా రాసేవాడో' అని. ఎనిమిదో తరగతి తెలుగు నోట్సులో ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు, ప్రతి తలకట్టూ ఒకే ఎత్తులో. పదో తరగతిలో అక్షరాలు కొంచెం చిన్నవయ్యాయి, ఒత్తులు కింది గీత దాటి పక్క వరుసలోకి జారుతున్నాయి. ఇంటర్ మొదటి సంవత్సరంలో సున్నాలు సున్నాల్లా లేవు, పేజీ చివరికి వచ్చేసరికి గీతలు వణుకుతూ చీమల బారులా అయిపోయాయి. అవన్నీ నా మందు మొదలు కాకముందు రాసినవి. ప్రవర్తన మారిందని అందరం చూస్తున్నాం, చెయ్యి అంతకు ముందే మారిందని ఆ పుస్తకాలు చెబుతున్నాయి.

మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి పంపాను. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే దీపపు సూక్ష్మదర్శిని) కింద రెండు కళ్లలోనూ నల్లగుడ్డు అంచు చుట్టూ బంగారు గోధుమ రంగు వలయం కనిపించింది. అది రాగి. విల్సన్ జబ్బు. కాలేయం రాగిని బయటకు పంపలేక, అది కాలేయంలోనూ మెదడులోనూ కంటి అంచులోనూ పేరుకుంటుంది. 1912లో కినియర్ విల్సన్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ కలిస్తేనే వస్తుంది కాబట్టి మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట దీన్ని మరింతగా గుర్తుపెట్టుకోవాలి. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు మేనమామ కూతురు, మేనత్త కొడుకు. నా కేసు కాగితంలో మొదటి రోజే రాసుకున్నాను, ఉపయోగించుకోలేదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ చాలా తక్కువగా వచ్చింది. రాగిని బయటకు లాగే పెనిసిలమిన్, తర్వాత జింక్ వాడితే ఏడాదిన్నరకు చాలావరకు తేరుకున్నాడు. మాట మాత్రం కొంచెం ముద్దగానే మిగిలిపోయింది, ఆ నాలుగు నెలలు నా ఖాతాలోవే. వాడి చెల్లెలికి కూడా పరీక్ష చేయిస్తే అదే జబ్బు ఇంకా లక్షణాలు రాకుండా దొరికింది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది మరి. ఆమెకు మందు ముందే మొదలైంది, ఈ రోజుకీ ఏ లక్షణమూ లేదు.

కాబట్టి 'మనసా, మెదడా' అని అడగడం మానేసి నేను వేరే ప్రశ్నలు అడుగుతాను. ఎంత వేగంగా వచ్చింది? ఏ వయసులో? దాంతోపాటు ఒంట్లో ఇంకేం మారింది? ఏది మొదట, ఏది తర్వాత?

వేగం చాలా చెబుతుంది. పెద్దాయన నిన్నటిదాకా బాగానే ఉండి ఈ రాత్రి గోడ మీద పురుగులున్నాయని పట్టుకోబోతుంటే, పగలు కాస్త తేరుకుని చీకటి పడగానే మళ్లీ మొదలుపెడితే అది పిచ్చి కాదు. రక్తంలో సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొత్తగా వేసిన నిద్రమాత, ఉన్నట్టుండి మానేసిన మద్యం లాంటిదేదో ఉంటుంది. నేరుగా ఆసుపత్రికే తీసుకువెళ్లాలి. కంటికి లేనివి కనిపించడం, చెవికి లేనివి వినిపించడం రెండూ ఒకటి కావు. మొదటిది ఎక్కువగా ఉంటే నేను మెదడును, రక్తపరీక్షలను ముందు చూస్తాను.

వారాల్లో ముదిరేవి ఇంకో జాతి. ఇరవై ఏళ్ల అమ్మాయి, అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. నాలుగు రోజులు జ్వరం, తలనొప్పి. తర్వాత అర్థం లేని మాటలు, భయం, అరుపులు. ఆ తర్వాత మూతి అదేపనిగా కదిలించడం, బిగుసుకుపోవడం, ఫిట్స్. మన ఊళ్లలో ఇలాంటి పిల్లను మొదట తీసుకువెళ్లేది భూతవైద్యుడి దగ్గరికి, తర్వాత నా దగ్గరికి. 2007లో జోసెప్ దాల్మావ్ అనే న్యూరాలజిస్టు బృందం దీనికి ఒక కారణం చూపించింది. శరీరం తన రక్షణ కోసం తయారుచేసుకునే యాంటీబాడీలే మెదడు కణాలు ఒకదాని సంకేతాలు ఒకటి అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేస్తాయి. కొందరు యువతుల్లో దీనికి మూలం అండాశయంలోని చిన్న గడ్డ. ఆ గడ్డ తీసేసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటివి వేళకు ఇస్తే ఎక్కువమంది కోలుకుంటారు, మళ్లీ కాలేజీకి వెళతారు. అంతకుముందు తరాల్లో ఇలాంటి పిల్లలు ఎంతమంది గుడి స్తంభాలకు కట్టేసి ఉండిపోయారో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. మీ పెద్దమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. ఉన్నట్టుండి మనిషిలోంచి మనిషి మాయమైతే 'ఎవరో ఏదో చేశారు' అనిపించడం సహజం. పూజ చేయిస్తానంటే చేయించనివ్వండి, డాక్టరు అపాయింట్‌మెంటు మాత్రం వాయిదా వేయకండి.

మీ నాన్నగారిది రెండేళ్లుగా మెల్లగా సాగుతున్న మార్పు. అందుకే నాకు గుర్తొచ్చేది ఫ్రంటో టెంపొరల్ డిమెన్షియా, అంటే మెదడు ముందు భాగం, పక్క భాగాలు మెల్లగా క్షీణించే జబ్బు. ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు 1892లోనే ఇలాంటి రోగి గురించి రాశాడు, చాలాకాలం దాన్ని పిక్ జబ్బు అనేవారు. హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌కు ఈ ఫ్రంటో టెంపొరల్ డిమెన్షియాయే ఉందని ఆయన ఇంటివారు 2023లో ప్రకటించారు, పేరు అలా విని ఉంటారు. డిమెన్షియా అనగానే మనం మతిమరుపు అనుకుంటాం. ఇందులో మతి ఉంటుంది, మర్యాద పోతుంది. మొదట దెబ్బతినేది నుదురు వెనుక ఉన్న భాగం. ఎదుటివారి బాధ మనకు తగిలేలా చేసేదీ, నోటి దాకా వచ్చిన మాటను ఆపేదీ, 'ఇక చాలు' అని చెప్పేదీ అదే. 2011లో అంతర్జాతీయ నిపుణులు దీనికి ఆరు గుర్తులు నిర్ణయించారు. హద్దు తెలియకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఎదుటివారి బాధ తట్టకపోవడం, చేసిందే చేయడం, తీపి మీద యావ లాంటి తిండి మార్పులు, జ్ఞాపకశక్తి నిలిచి ఉండి ప్రణాళిక వేసుకునే శక్తి తగ్గడం. వీటిలో మూడు ఉంటే అనుమానించవచ్చన్నారు. చావు ఇంట్లో హాస్యం, ఆపరేషన్ రోజు టిఫిన్, వేపచెట్టు దాకా నడక, చక్కెర డబ్బా. మీ ఉత్తరంలో నాలుగు నాకు నేరుగానే కనిపిస్తున్నాయి. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు డిమెన్షియా అన్న ఆలోచనే రాదు. రిటైర్మెంట్ దిగులనో, మగవాళ్ల నడివయసు చాపల్యమనో, అహంకారమనో అనుకుంటారు. విడాకుల దాకా వెళ్లి, ఆ తర్వాత జబ్బు బయటపడిన దంపతులను నేను చూశాను.

డిప్రెషన్ అన్న డాక్టరుగారిని తప్పుపట్టడం లేదు. మాట తగ్గి, దేని మీదా ఆసక్తి లేని మనిషి ఎదురుగా కూర్చుంటే మొదట తోచేది అదే. పెద్ద వయసులో డిప్రెషన్ డిమెన్షియాలా నటించడం కూడా ఉంది, దాన్ని గుర్తిస్తే మందులతో బాగవుతుంది. తేడా పట్టుకోవడానికి నాకు తెలిసిన చిట్కా, ఫిర్యాదు ఎవరిదో చూడటం. డిప్రెషన్ ఉన్నవారు తామే చెప్పుకుంటారు: 'నాకేమీ గుర్తుండటం లేదు, నేను పనికిరాను.' ఈ జబ్బులో ఆయన హాయిగా ఉంటారు. 'నాకేమైంది? బాగానే ఉన్నాను, వీళ్లకే చాదస్తం' అంటారు. ఏడ్చేది భార్య. మీ ఉత్తరంలో అమ్మగారి బాధ ఉంది, మీ బాధ ఉంది, నాన్నగారి బాధ ఒక్క వాక్యం కూడా లేదు. నన్ను ఆపింది అదే.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు గురించి కూడా చెప్పాలి, లేకపోతే 'అన్నీ మెదడు జబ్బులే' అన్న భ్రమ కలుగుతుంది. ఒకామె ఆరేళ్లుగా ఫిట్స్‌కి మూడు రకాల మందులు వాడుతూ, అయినా వారానికి రెండుసార్లు పడిపోతూ వచ్చింది. ఈఈజీలు (మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలు), ఎంఆర్‌ఐ మామూలుగానే ఉన్నాయి. వాళ్ల తమ్ముడు ఫోనులో తీసిన వీడియో చూపించాడు. పన్నెండు నిమిషాలు కొట్టుకుంటోంది, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది, తెరవబోతే ఇంకా బిగిస్తోంది. మూర్ఛ ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది, కళ్లు తెరుచుకునే ఉంటాయి. ఈమెది మూర్ఛ కాదు, నటన అంతకంటే కాదు. మనసులోని ఒత్తిడి శరీరం చేత మాట్లాడించడం. పడిపోతున్నప్పుడే వీడియోతో పాటు తీసే ఈఈజీతో అది ఖాయమైంది. మందులు ఒక్కొక్కటీ తగ్గించి, ఆమెతో కూర్చుని ఆరు నెలలు మాట్లాడాక పడిపోవడం దాదాపు ఆగింది. 'అయితే ఇన్నాళ్లూ వేషాలేసిందన్నమాట' అని భర్త అన్నాడు. అతనికి నచ్చచెప్పడమే ఆ చికిత్సలో కష్టమైన భాగం. కాబట్టి మీ ఇంట్లో ఎవరికి ఇలాంటివి వచ్చినా కంగారులో నోట్లో చెంచా కుక్కకుండా, చేతిలో తాళాలు పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు ఫోనులో వీడియో తీయండి. నాకు ఏ స్కానింగూ అంత చెప్పదు.

మీ నాన్నగారి విషయానికి వద్దాం. ముందు న్యూరాలజిస్టును కలవండి, డిమెన్షియా క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రి అయితే మరీ మంచిది. హైదరాబాద్ మీకు దగ్గరే. మానసిక వైద్యుడిని వదిలేయమని కాదు, ప్రవర్తనను అదుపులో ఉంచే భాగం మా పనే. ఇద్దరూ ఒకరి చీటీ ఒకరు చదివేలా చూసుకోవడం మీ పని.

నయమయ్యే కారణాలను ముందు తీసేయాలి. థైరాయిడ్, బి12, సోడియం, రక్తంలో చక్కెర, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు పెద్ద ఖర్చు కాదు. గత ఆరు నెలల్లో బండి మీద నుంచో బాత్‌రూములోనో పడ్డారేమో గుర్తు తెచ్చుకోండి. తలకు చిన్న దెబ్బ తగిలిన వారాల తర్వాత పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి మనిషిని మందకొడిగా మార్చేయడం ఉంది, అది తీసేస్తే తేరుకుంటారు. నుదురు వెనుక మెల్లగా పెరిగే ప్రమాదం లేని గడ్డ కూడా అచ్చం ఇలాగే మనిషిని మార్చగలదు. అయితే ఈ రెండూ స్కానింగ్‌లో దొరుకుతాయి.

స్కానింగ్ అన్నాను కాబట్టి ఒక మాట. రిపోర్టు మాత్రమే కాదు, ఫిల్ములు లేదా సీడీ తీసుకువెళ్లండి. ఆ రోజు చీటీ మీద 'తలనొప్పి' అనో 'మతిమరుపు' అనో రాసి ఉంటే రేడియాలజిస్టు ఆ కంటితోనే చూసి ఉంటారు. 'రెండేళ్లుగా ప్రవర్తన మారింది, ముందు భాగం కుంచించుకుపోయిందేమో చూడండి' అని అడిగితే అదే ఫిల్ములో వేరే సంగతి కనిపించవచ్చు. మొదటి దశలో ఎంఆర్‌ఐ మామూలుగా ఉండటం కూడా జరుగుతుంది. అప్పుడు పెట్ స్కాన్ అడగవచ్చు. మెదడులో ఏ భాగం గ్లూకోజును తక్కువగా వాడుతోందో అది చూపిస్తుంది. (ఆయన తినే చక్కెరకూ దీనికీ సంబంధం లేదు, ఒకరు అడిగారని చెబుతున్నాను.) డిప్రెషన్‌నో స్కిజోఫ్రీనియానో నిర్ధారించే స్కానింగ్ మాత్రం ఈ రోజుకీ లేదు. ఉందని ఎవరైనా చెబితే డబ్బులు జాగ్రత్త.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే చేయించమని అడగండి. 30 మార్కుల చిన్న పరీక్షలో మీ నాన్నగారికి 28 వచ్చినా ఆశ్చర్యం లేదు, లెక్కల మాస్టారు కదా. ముందు భాగం పనితీరును కూడా కొలిచే ఆడెన్‌బ్రూక్ పరీక్షకు తెలుగు రూపం ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారి బృందం దాన్ని ఏళ్ల తరబడి వాడింది. వాళ్లే 2013లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని చూపించారు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసి నడిచే మన నగరం ప్రపంచానికి చెప్పిన సంగతి అది.

మందుల విషయంలో పెద్ద ఆశలు పెట్టను. ఇదే జబ్బని తేలితే దాన్ని ఆపే మందు లేదు. అల్జీమర్‌కు ఇచ్చే డొనెపెజిల్ దీనికి పనిచేయదు, కొందరిలో చికాకు పెంచుతుంది. అలవాటుగా రాసేస్తుంటారు, అడిగి తెలుసుకోండి. డిప్రెషన్ మందుల్లో కొన్ని తిండి యావను, చేసిందే చేయడాన్ని కొంత తగ్గిస్తాయి, కాబట్టి ఇప్పుడు వాడుతున్నవి మీ అంతట మీరు ఆపకండి. బలమైన మానసిక మందులు ఇస్తే బిగుసుకుపోవచ్చు, కొద్ది మోతాదులో, కొద్ది రోజులకే. చేతుల్లో కండ సన్నబడటం, మింగడం కష్టం కావడం గమనిస్తే వెంటనే చెప్పాలి. ఈ జబ్బు కొందరిలో కండరాలను నడిపే నాడీకణాలు క్షీణించే మోటార్ న్యూరాన్ జబ్బుతో కలిసి వస్తుంది. ఇంట్లో తాతల కాలంలో ఎవరికైనా ఇలా జరిగిందేమో పెద్దలను అడగండి.

ఇంట్లో చేయగలిగింది మందుల కంటే ఎక్కువ. డబ్బు మొదటిది. నాన్నగారితో బ్యాంకుకు వెళ్లి ఖాతాను ఉమ్మడిగా మార్చుకోండి, ఫోనులో యూపీఐ పరిమితి తగ్గించండి, పొలం కాగితాలు మీ దగ్గర ఉంచుకోండి. ఆయన ఇంకా సంతకం పెట్టి, అర్థం చేసుకోగలిగే దశలో ఉన్నప్పుడే వీలునామా లాంటివి మాట్లాడుకోవడం మంచిది. కష్టమైన మాటే, కానీ రెండేళ్ల తర్వాత ఇంకా కష్టం. వేపచెట్టు దాకా నడకను ఆపకండి, అది ఆయనకు నెమ్మది. జేబులో పేరు, మీ నంబరు ఉన్న కాగితం పెట్టండి. చావు ఇళ్లకు తీసుకువెళ్లకండి. 'ఎందుకలా అన్నారు' అని నిలదీయకండి. తాను అన్నదాంట్లో తప్పేమిటో చూపించే అద్దమే లోపల పగిలింది. ఆరోగ్య బీమా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక చికిత్సకు కూడా శరీర చికిత్సతో సమానంగా వర్తింపజేయాలి, కాదంటే రాతపూర్వకంగా అడగండి. అమ్మగారికి రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలీ మానస్ 14416 తెలుగులో పలుకుతుంది, ఖర్చు లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద నెలల వరుసలో రాయండి. ఏది మొదట మారింది, ఆ తర్వాత ఏది. విశేషణాలు వద్దు, జరిగినవి రాయండి. 'మొండిగా ఉంటున్నారు' అని రాస్తే నాకేమీ తెలియదు, 'ఆపరేషన్ రోజు టిఫిన్ అడిగారు' అంటే చాలా తెలుస్తుంది. పాత నోటు పుస్తకమో, బోర్డు మీద ఆయన లెక్క చేస్తున్న పాత వీడియోనో ఉంటే పట్టుకెళ్లండి. అమ్మగారిని తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. నాన్నగారి ముందు ఆమె సగం చెప్పదు, కాబట్టి ఆయనను రక్తపరీక్షకు పంపిన పది నిమిషాల్లో ఆమెను విడిగా మాట్లాడనివ్వమని డాక్టరును అడగండి. వాళ్లకు సమయం తక్కువగా ఉంటే మిగతావన్నీ కాగితంలో ఉంటాయి, చక్కెర డబ్బా అటక ఎక్కిన సంగతి మాత్రం ఆమెనే మొదట చెప్పమనండి.